గ్లవ్ తీసిన చెయ్యి

"నేను తోయలేదాంటీ," అన్నాడు హంజా మూడోసారి.

సత్యవాణి అతని ముఖం వైపే చూసింది. అబద్ధమాడేవాళ్ళు ఒకే సంగతిని మూడుసార్లు అడిగితే మూడు రకాలుగా చెబుతారనీ, భయపడినవాళ్ళు మూడుసార్లూ ఒకే మాట అంటారనీ, మహిళా జైలులో అధికారిణిగా గడిపిన పాతికేళ్ళలో ఆమె తెలుసుకుంది. ఉద్యోగ విరమణ తరువాత లైసెన్సు తీసుకుని ప్రైవేటు దర్యాప్తులు మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయినా ఆ కొలత మారలేదు. హంజా భయపడుతున్నాడు. అయితే ఎందుకు భయపడుతున్నాడన్నది వేరే ప్రశ్న.

క్లెమెంటి పేటలో హంజా అద్దెకుంటున్న గదికి కింద, హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల సముదాయంలో ఒక మూల బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతని ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది.

"శనివారం సాయంత్రం సెంగ్‌కాంగ్‌లో మీ కంపెనీ వాళ్ళంతా కుటుంబాలతో ఐస్ స్కేటింగ్‌కు వెళ్ళారు. డిసెంబరు నెలకు మాత్రమని మైదానంలో గుడారం వేసి కట్టిన రింకు అది. ఆరున్నర దాటాక ఉదయ్‌కిరణ్ ఐస్ మీద పడ్డాడు. తల అంచున ఉన్న కమ్మీ దిమ్మెకు తగిలింది. సోమవారం తెల్లవారుజామున ఆసుపత్రిలో చనిపోయాడు. అంతవరకు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానాంటీ."

"అతను పడేముందు, స్కేట్లు ఇచ్చే కౌంటర్ దగ్గర మీరిద్దరూ గొడవపడ్డారు. చూసినవాళ్ళు ఉన్నారు. దేని గురించి?"

హంజా కప్పును గుండ్రంగా తిప్పాడు. "పేపర్ల గురించి."

"ఏ పేపర్లు?"

"నా ఎక్స్‌పీరియన్స్ పేపర్లు. నాకు మూడేండ్లు అనుభవం ఉన్నట్టు రాసి ఇక్కడికి తెచ్చిండ్రు. నిజానికి మూడు నెలలు కూడా లేదు. నాకొక్కనికే కాదాంటీ, మా బ్యాచ్ మొత్తం గట్లనే వచ్చింది. హైదరాబాద్‌ల ఇప్పుడు అందరూ గిట్లనే పోతున్నరు, ఏం గాదు అన్నరు. ఉదయ్ అన్న సోమవారం పోయి గవర్నమెంట్‌కు చెప్పేస్తా అన్నడు. అట్ల చెప్తే మా అందరి వర్క్ పాస్‌లు పోతయన్నా, జర ఆగు అని నేను బతిమాలిన."

"ఆయన ఏమన్నాడు?"

"నిద్ర పడతలేదురా అన్నడు."

సత్యవాణి కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "ఆ పేపర్లు తయారు చేయించింది ఎవరు?"

"ఏజెంట్."

"మీ కంపెనీ యజమాని రంగనాథ్‌కు తెలియకుండానా?"

అతను కప్పును పక్కకు జరిపాడు.

"నీ తరఫున నన్ను నియమించింది ఆయనే. ఆ సంగతి నీకు తెలుసు కదా?"

"తెలుసాంటీ. సార్ మా అమ్మకు రోజూ ఫోన్ చేస్తున్నరంట. రాబియమ్మా, నీ కొడుకు నా కొడుకు అసొంటోడు, నేను చూసుకుంటా అంటున్నరంట." ఈ మాట చెబుతున్నప్పుడు అతని చూపు బల్ల మీదనుంచి లేవలేదు.

"ఉదయ్ పడినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బయట బెంచీ మీద. మడమ కొట్టుకుపోయింది. స్కేట్లు విప్పుకుంటున్న."

"బెంచీ నుంచి ఐస్ కనిపిస్తుంది. కమ్మీ దగ్గర నీలం జాకెట్ వేసుకున్న మనిషి ఒకడున్నాడని ఇద్దరు సాక్షులు చెప్పారు. ముఖం మాత్రం ఎవరూ చూడలేదు. నువ్వు చూశావా?"

మాంసం కొట్టే కత్తి శబ్దం పక్క దుకాణంలోంచి ఆగకుండా వినిపిస్తోంది. అది ఆగాక హంజా నోరు విప్పాడు.

"చూడలే."

అతను కాలు కదపబోయి బల్ల కింద ఆమె పాదాన్ని తొక్కాడు. చటుక్కున వెనక్కి జరిగి, అరచేతిని గుండెల మీద ఆనించి తల వంచాడు. "మాఫ్ కరో ఆంటీ."

"పరవాలేదు. రేపు రెండింటికి పోలీసుల ముందుకు వెళ్ళాలి. ఈలోగా నీకు ఏదైనా గుర్తొస్తే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి. నీకు గుర్తొస్తుందనే నేననుకుంటున్నాను."

ఆ రాత్రి ఫోన్ వచ్చింది గానీ, చేసింది హంజా కాదు, రంగనాథ్. కుర్రవాడు ఏం చెప్పాడని అడిగాడు. ఏమీ చెప్పలేదన్నది సత్యవాణి.

"వాడు అమాయకుడాంటీ. ఎలాగైనా బయటపడెయ్యండి. పడ్డవాడి మీదికి వంగింది వాడు కాదు, అది మాత్రం నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను."

"మీరప్పుడు బయట పానీయాల దుకాణం ముందు వరసలో ఉన్నానన్నారు."

"అవునండీ. పిల్లలకి మైలో కొంటున్నాను. వాడి స్వభావం తెలుసు కాబట్టి అంటున్నాను."

సత్యవాణి ఫోన్ పెట్టేసి, తాను రాసుకున్న సాక్షుల మాటలు మళ్ళీ చదివింది. ఎవరో వంగారని సాక్షుల్లో ఎవరూ చెప్పలేదు.

*

మరునాడు ఉదయం రింకు ఇంకా తెరవలేదు. రాత్రి కురిసిన వాన గుడారం అంచులనుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. ఐస్ కింద చల్లదనాన్ని తోసే యంత్రం మూలుగుతూనే ఉన్నా, ఈ ఊరి వేడికి పైన ఎప్పుడూ పల్చని నీటిపొర తేలుతూ ఉంటుంది. కాపలా మనిషి ఆమె చేతికి ఉన్ని గ్లవ్స్ ఇచ్చాడు. గేటు దాటి ఐస్ వైపు వెళ్ళే ప్రతివాళ్ళూ అవి వేసుకోవలసిందే.

గోహ్ అప్పటికే అక్కడ ఉన్నాడు. ఒకప్పుడు పోలీసు డిటెక్టివ్, ఇప్పుడు రింకుకు బీమా చేసిన సంస్థ తరఫున దర్యాప్తు చేస్తున్నాడు. ఇదివరకు రెండు కేసుల్లో ఆమెకు ఎదురుపడి, ఒకటి గెలిచి ఒకటి ఓడాడు.

"మేడమ్ సత్యా, ఈ వయసులో స్కేటింగా?" అన్నాడు, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో. "పడితే నా కంపెనీయే డబ్బు కట్టాలి, జాగ్రత్త లా."

"నేను పడినా, ఎవరో తోశారని రాసి పంపుతావుగా."

గోహ్ నవ్వాడు. "నిజంగా తోస్తే రాయనా? ఐస్ తడిగా ఉండి మనిషి జారిపడ్డాడంటే తప్పు రింకుది. ఎవడో పడేశాడంటే తప్పు వాడిది. ఇక్కడ ఎవడో పడేశాడు. నా దగ్గర రుజువుంది."

"నీ దగ్గరున్నది నీలం జాకెట్. ఈ ఊళ్ళో చలికోటు ఎవరింట్లోనూ ఉండదు. అందుకని రింకువాళ్ళు స్కేట్లతో పాటు టోపీ ఉన్న జాకెట్లు కూడా అద్దెకిస్తారు. అన్నీ నీలమే. ఆ సాయంత్రం మీ ఐస్ మీద ఎన్ని నీలం జాకెట్లున్నాయి?"

"గొడవపడినవాడు మాత్రం ఒక్కడే."

"గొడవపడినవాళ్ళంతా హంతకులైతే, నిన్ను కట్టుకున్న పాపానికి మీ ఆవిడ జైలులో ఉండేది. వీడియో చూపించు."

పుట్టినరోజు చేసుకోవడానికి వచ్చిన ఒక కుటుంబం హ్యాండీక్యామ్‌తో తీసిన వీడియో అది. గోహ్ దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. ఇంతవరకు పోలీసులకు తప్ప ఎవరికీ చూపలేదన్నాడు. రింకు చుట్టూ నడుమెత్తున ప్లాస్టిక్ పలకల గోడ ఉండటం వలన మనుషులు నడుం నుంచి పైకి మాత్రమే కనిపిస్తున్నారు. కేకు కోస్తున్న పాప వెనుక, మంచుమనిషి బొమ్మ వేసిన పలక దగ్గర, టోపీ కళ్ళమీదికి లాక్కున్న ఒక మనిషి ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఉదయ్‌కిరణ్ వేగంగా ఆ వైపు జారుతూ వచ్చాడు, మరుక్షణంలో గోడ వెనుక మాయమయ్యాడు.

నీలం జాకెట్ మనిషి కొద్దిసేపు కదలలేదు. ఆ తరువాత కుడిచేతి గ్లవ్‌ను పళ్ళతో పట్టి లాగేశాడు. వంగాడు. తిరిగి లేచినప్పుడు ఉత్తచేతిని ముఖానికి తాకించుకుని, గొంతు దాకా దించాడు. ఎవరో అడ్డం వచ్చారు. వాళ్ళు తప్పుకునేసరికి అతను అక్కడ లేడు.

"చూశావా," అన్నాడు గోహ్. "వంగి ప్రాణం ఉందో లేదో చూశాడు. భయమేసి కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, కోపంలో చేశాడు, వెంటనే ఏడ్చాడు. నాకు వాడి మీద జాలే, మేడమ్. అయినా చేసింది వాడే."

"మళ్ళీ వెయ్యి. నెమ్మదిగా."

ఆమె తెరకు దగ్గరగా వంగింది. వేళ్ళు కలిసి ఉన్నాయి. కుడికన్ను, ఎడమకన్ను, తరువాత గొంతు దగ్గర ఏదో తాయెత్తునో బిళ్ళనో తాకినట్టు ఒక చిన్న ఒత్తు. కళ్ళు తుడుచుకునేవాడి వేళ్ళు అలా ఉండవు. తుడుచుకోవడానికి గ్లవ్ తీయవలసిన అవసరం కూడా లేదు, ఉన్ని గ్లవ్ రుమాలుకన్నా మేలు.

సత్యవాణి నిటారుగా నిలబడింది. చిన్నతనంలో పుస్తకానికి కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకున్న తనను, విశాఖపట్నం కాన్వెంటులో సిస్టర్లు వింతగా చూసేవారు. మానమన్నా మానలేకపోయింది. అది మనసు చెప్పగా చెయ్యి చేసే పని కాదు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి చేస్తుంది.

"గోహ్, మాలో ఒకరి కాలు ఇంకొకరికి తగిలితే, తగిలిన మనిషిని చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాం. కాలితో తాకడం అవమానం కాబట్టి అది క్షమాపణ. కింద పడినవాణ్ణి వీడు పరీక్షించలేదు. వీడి కాలు ఉదయ్‌కు తగిలింది."

గోహ్ కనుబొమలు ముడివేశాడు. "అంటే నీ క్లయింటు పొరపాటున కాలడ్డం పెట్టాడంటావు. మంచిది. శిక్ష తగ్గుతుంది."

"హంజా కాదు. నిన్న వాడు నా కాలు తొక్కాడు. చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. వాడింట్లో నేర్చుకున్నది అది."

"హైదరాబాద్‌లో పుట్టినవాడు ఇది ఎన్నిసార్లు చూసి ఉండడు?"

"చూసి ఉంటాడు. కానీ ప్రాణభయంలో ఉన్న మనిషి చూసినది చెయ్యడు, అలవాటైనది చేస్తాడు."

"కోర్టులో ఇది నిలబడదు."

"నిలబడదు," అని ఆమె ఒప్పుకుంది. "కాబట్టి అవతలి వైపు చూద్దాం."

కాపలా మనిషి చేత ఐస్ మీద రబ్బరు పట్టా పరిపించి, సత్యవాణి మంచుమనిషి పలక లోపలి వైపు మోకాళ్ళ మీద కూర్చుంది. గోహ్ సాయం చేయబోతే వద్దంది. మిగతా పలకల మీద ఉన్నవన్నీ పైపై గీతలు. ఈ పలక మీద మాత్రం, మడమ ఎత్తుకు కాస్త పైన, ప్లాస్టిక్ లోపలికంటా దిగిన గంటు ఉంది, నెలవంక ఆకారంలో. స్కేటు బ్లేడు వెనుక కొసను గోడకు గట్టిగా తన్నిపెడితే తప్ప అలాంటి గంటు పడదు.

గోహ్ వంగి చూశాడు. అతని ముఖంలోని వేళాకోళం పోయింది.

"ఒక కాలు గోడకు తన్నిపెట్టి రెండోది చాచాడు," అన్నాడు మెల్లగా. "జారిపోకుండా. ఇది పొరపాటు కాదు, మేడమ్."

"కాదు."

"కావాలని పడేసినవాడు వంగి క్షమాపణ చెప్పుకుంటాడా? అలా ఎవరు చేస్తారు?"

"మావాళ్ళు చేస్తారు," అన్నది సత్యవాణి లేస్తూ. ఆ మాటలో గర్వం లేదు. "ఇప్పుడు నీ సాయం కావాలి. ఆ పుట్టినరోజువాళ్ళు కూర్చున్న చోట నీ కెమెరా పెట్టు. ఎత్తు పోల్చడానికి ఒక మనిషిని ఇక్కడ నిలబెడతాను. హంజా ఎత్తుతో సరిపోతే నీకే లాభం. ఏం జరిగినా కెమెరా మాత్రం ఆపకు."

*

సత్యవాణి పిలవగా రంగనాథ్ తొమ్మిదింటికి వచ్చాడు. నలభై రెండేళ్ళవాడు. ఈ నాలుగు రోజుల్లోనే చొక్కా మెడ దగ్గర వదులైంది. చేతిలో ఒక స్టీలు డబ్బా.

"రాబియమ్మ పంపిందండీ, హంజాకి. కొడుకు కోసం నిన్ననే విమానం దిగింది. నా చేతికిచ్చి, మీరు పెడితేనే తింటాడు అంది." డబ్బాను బెంచీ మీద పెట్టి, దానివైపు చూడకుండా పక్కకు జరిగాడు.

"మీరూ హంజా ఒకే ఎత్తు కదా?"

"ఇంచుమించు."

"ఈ జాకెట్ వేసుకుని కాసేపు అక్కడ నిలబడితే వీడియోతో కొలత పోల్చుకుంటారు. హంజా కోసమే."

అతను నీలం జాకెట్ వైపు చూశాడు. కాదంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. కుర్రవాడి కోసం ఏమైనా చేస్తానని రోజూ ఫోన్‌లో అన్న మనిషికి, ఇప్పుడు కాదనడానికి దారి లేకపోయింది. జాకెట్ వేసుకున్నాడు. గ్లవ్స్ తొడుక్కున్నాడు. రబ్బరు పట్టా మీద జాగ్రత్తగా నడిచి మంచుమనిషి పలక దగ్గర నిలబడ్డాడు. ఎడమచెయ్యి తనంతట తానే కమ్మీని పట్టుకుంది.

"టోపీ కూడా," అన్నది సత్యవాణి.

టోపీ లాక్కున్నాడు.

"మీ వీడియోలో ఏం కనిపిస్తుందాంటీ?"

"మీరు రాత్రి చెప్పిందే. ఒక మనిషి వంగాడు. సాక్షులెవరూ చెప్పలేదు ఆ మాట. మీకెలా తెలిసిందో అడగాలనుకున్నాను."

"ఊహించానండీ. పడ్డవాణ్ణి ఎవరో ఒకళ్ళు వంగి చూస్తారు గదా."

"మరి మీ మనిషి పడితే మీరెందుకు వంగలేదు?"

"నేను బయటున్నాను గదండీ, మైలో..."

సత్యవాణి చేతిసంచిలోంచి ఒక ఫోటో తీసింది. ఉదయ్‌కిరణ్ భార్య రుచిత ఇచ్చినది. పుంగ్గోల్‌లో కొత్త ఫ్లాట్ తాళాలు తీసుకున్న రోజున గుమ్మంలో నిలబడి నవ్వుతున్న భర్త. దాన్ని రంగనాథ్‌కు అందించబోయినట్టు ముందుకు చాచి, వేళ్ళు వదిలేసింది.

ఫోటో పట్టా మీద పడింది. రంగనాథ్ అప్పుడే బరువు మార్చుకుంటూ వేసిన అడుగు దాని అంచు మీద పడింది. అతను కిందికి చూశాడు. తన బూటు కింద ఉదయ్‌కిరణ్ భుజం.

ఎడమచెయ్యి కమ్మీని వదలలేదు. కుడిచేతి గ్లవ్‌ను పళ్ళతో పట్టి లాగాడు. వంగాడు. ఫోటోను తాకి, కుడికన్నుకు, ఎడమకన్నుకు అద్దుకుని, మెడలోని ఆంజనేయుడి బిళ్ళను తాకాడు.

తాకిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గోడకు అవతల గోహ్ కెమెరా వెనుకనుంచి తల ఎత్తాడు.

"ఈ పని చేశారని మీకు తెలుసా?" అని అడిగింది సత్యవాణి.

రంగనాథ్ తన చేతిని తిప్పి చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు. "ఆ రోజు కూడా... చేశానా?"

"చేశారు."

అతను టోపీ వెనక్కి తోసుకున్నాడు. "పడెయ్యాలనే పెట్టానండీ కాలు. చంపాలని కాదు. సోమవారం వెళ్ళి చెప్పేస్తానన్నాడు. ముప్పైమంది కుర్రాళ్ళు, ముప్పై ఇళ్ళు నా మాట మీద అప్పులు చేసినయ్యి. కాలో చెయ్యో విరిగి నాలుగు వారాలు మంచాన పడితే ఆ లోపల సర్దుకుందామనుకున్నా. తల తగులుద్దని అనుకోలేదు. చప్పుడు విన్నాక..." అతను కళ్ళు మూసుకున్నాడు. "ఆ చప్పుడు పోవట్లేదాంటీ."

"నిద్ర పట్టడం లేదని ఉదయ్ కూడా అన్నాడట. ఆయన దానికి చెయ్యవలసిన పని చెయ్యబోయాడు. మీరు నన్ను దర్యాప్తుకు పెట్టుకున్నారు."

"హంజాని మీరు బయటికి తెస్తారు, నా దాకా రారు అనుకున్నా."

"నా పని మీద మీకు సగమే నమ్మకమన్నమాట."

రంగనాథ్ ఆ దెబ్బకు తల వంచలేదు. బెంచీ మీది డబ్బా వైపు చూశాడు. "వాడు చూశాడండీ."

"ఎవరు?"

"హంజా. నేను లేచేటప్పటికి ఆ బెంచీ మీద స్కేటు చేతిలో పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. మేమిద్దరం కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసుకున్నాం. ఆ తరువాత నాలుగు రోజులయ్యింది. పోలీసులడిగినా మీరడిగినా వాడు నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పమనలేదు, చెప్పొద్దనలేదు. వాళ్ళమ్మకి మాత్రం రోజూ ఫోన్ చేశాను."

నిన్న కత్తి చప్పుడు ఆగేదాకా హంజా మౌనంగా కూర్చున్న సంగతి సత్యవాణికి గుర్తొచ్చింది. గుండెల మీద ఆనించిన ఆ అరచెయ్యి తన పాదం కోసమేనా, లేక ఇంకెందుకోసమైనా కూడానా అని ఇప్పుడు అనుమానం కలిగింది. నిర్దోషి కోసం వచ్చానని ఆమె అనుకుంది. ఇక్కడ ఒకడు మనిషిని పడేశాడు, ఇంకొకడు చూసి నోరు మూసుకున్నాడు. రుచిత గుమ్మంలో మాత్రం ఈ నాలుగు రోజులూ ఈ ఇద్దరిలో ఎవరూ నిలబడలేదు.

సంచిలో ఫోన్ చప్పుడు చేసింది. హంజా పంపిన మెసేజ్, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ఆమె చదివి, రంగనాథ్ ముఖం ముందు పట్టుకుంది.

"ఆంటీ నేను పోలీస్ దగ్గరికి వచ్చేసిన. ఇంకా లోపలికి పోలే. నేనే చేసిన అని చెప్తా. మా పేపర్లు బయటికి రావద్దు. ముప్పైమంది బతుకుతరు. అమ్మను సార్ చూసుకుంటరు."

రంగనాథ్ చివరి మాట దగ్గర ఆగిపోవడం ఆమె గమనించింది.

గోహ్ గేటు తీసి లోపలికి వచ్చాడు. "నా కారు బయటే ఉంది," అన్నాడు. అతని సంస్థ కేసు గెలిచింది. గెలిచినట్టు అతను కనిపించలేదు.

రంగనాథ్ ఫోటో తీయడానికి వంగబోయాడు. సత్యవాణి తానే ముందు వంగి తీసుకుంది, బూటు గుర్తును కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇది రుచితకు తిరిగి ఇవ్వాలి. ఆ డబ్బా మీరు తీసుకోండి. హంజా చేతికి మీరే ఇవ్వాలన్నది కదా ఆ తల్లి."

"ఆంటీ, వాడి ముందు నేనేం చెప్పను?"

"మీ చెయ్యి శనివారమే చెప్పేసింది. ఇంకా చెప్పనిది మీ నోరే. వాడు ఆ గుమ్మం దాటేలోపల చెప్పాలి. నడవండి."

ఆమె ఫోన్‌లో హంజా నంబరు నొక్కి చెవికి ఆనించుకుంది. అవతల మోగుతోంది. గేటు దాకా వెళ్ళేసరికి కూడా మోగుతూనే ఉంది. కారు తలుపు దగ్గర అది ఆగిపోయి, ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి ఉందని ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది.

పోలీసుల గుమ్మం దాటేవాళ్ళే ముందుగా ఫోన్ ఆపేస్తారు.